దమ్ము అను మాట: భయమువలన కలుగు ఆయాసమును గూర్చి భివండి నేతపేటల నేపథ్యమున ఒక చారిత్రక పరిశీలనము

తెలంగాణమున "దమ్ము" అను మాటకు మూడర్థములు కలవు. ఊపిరి మొదటిది, ఆయాసపు జబ్బు రెండవది, ధైర్యము మూడవది. "వానికి దమ్మున్నది" యన్నచో వాడు ధైర్యవంతుడని భావము. "వానికి దమ్ము వచ్చుచున్నది" యన్నచో ఊపిరి సలుపక బాధపడుచున్నాడని భావము. ఈ మాట పారసీకమునుండి ఉర్దూలోనికిని, ఉర్దూనుండి మన తెలుగులోనికిని వచ్చినది. మహారాష్ట్రమున భివండి పట్టణమందలి గైబీ నగర్ వంటి మరమగ్గముల పేటలలో ఉత్తరదేశపు కార్మికుడు "దమ్ ఘుట్ రహా హై" యని చెప్పుకొన్న బాధనే, కరీంనగరమునుండి వచ్చిన మన కార్మికుడు "దమ్ము ఆడుతలేదు" అని చెప్పుకొనును. భాషలు వేరైనను మాట యొక్కటే.

ఊపిరికిని ధైర్యమునకును ఒకే మాటను వాడిన జనులు ఒక సత్యమును గ్రహించిరి. ధైర్యము సడలినపుడు ఊపిరి తడబడును. ఊపిరి తడబడినపుడు ధైర్యము మరింత సడలును. భయమువలన కలుగు ఈ ఆయాసమును పూర్వులెట్లు గుర్తించిరి, ఆధునిక వైద్యులు దాని మర్మమునెట్లు తెలిసికొనిరి, నేతపేటలలో దానిని వేరొక ఆయాసముతో కలిపి చూచుటవలన కలుగు ప్రమాదమేమి, దానిని ఎదుర్కొను మార్గమేమి యనునవి ఈ వ్యాసమున విచారింపబడును.

1. ఊరు, జనము

భివండి థానే జిల్లాలో కామ్వారీ నది యొడ్డున నున్న పట్టణము. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరభారతమునుండి తరలివచ్చిన అన్సారీ నేతగాండ్రు ఇచట చేమగ్గములు నాటిరని చెప్పుదురు. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున చేమగ్గముల స్థానమున మరమగ్గములు రాజొచ్చెను. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లులలో ప్రారంభమైన సమ్మె తరువాత మిల్లులు క్షీణింపగా, నేతపని అధికముగా భివండి వంటి మరమగ్గపు పట్టణములకు చేరెను.

తెలుగువారు బొంబాయి ప్రాంతమునకు వలసవచ్చుట అంతకు చాల పూర్వమే మొదలైనది. నిజాము రాజ్యమునుండి వచ్చి బొంబాయి నగరమున కట్టడపు పనులు చేసిన "కామాఠీ"ల పేరిటనే కామాఠీపుర మేర్పడెను. నేతపని నేర్చిన పద్మశాలి కుటుంబములు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, మహబూబునగరము జిల్లాలనుండి షోలాపురమునకును, సూరతునకును, భివండికిని వెళ్లినవి. భివండిలోని పద్మానగర్ తెలుగువారి పేటగా ప్రసిద్ధము. సిరిసిల్లలో మరమగ్గమును "సాంచె" యందురు. సిరిసిల్లకును భివండికిని నేతపనివారి రాకపోకలు తరములుగా సాగుచున్నవి.

చేమగ్గముపై పనిచేయువాడు నాడెను తన చేతితో నడుపును; కాలితో తొక్కును; అలసినచో ఆపును. పనికి లయ వానిది. సాంచె అట్లు కాదు. అది కార్మికుని కొరకు ఆగదు. పండ్రెండు గంటల పాళీ, నేసిన మీటరు లెక్కన కూలి, ప్రక్కవాని మాట వినబడనంతటి రొద, నూలు దూది కలసిన గాలి, ఊరనున్న అప్పు: ఇవి యన్నియు ఒక్క మనిషి రొమ్ముపై కూర్చున్నపుడు, వాని ఆయాసము ఊపిరితిత్తులలోనిదా, మనస్సులోనిదా యని చెప్పుట సులభము కాదు. గైబీ యను పేరు "గైబ్" అను అరబ్బీ మాటనుండి వచ్చినది. దానికి కంటికి కానరానిదని అర్థము. భయమువలన పుట్టిన ఆయాసమును అట్టిదే. వైద్యుడు స్టెతస్కోపు పెట్టి విన్నను వినబడదు. ఎక్స్‌రే తీసినను కనబడదు.

2. ధూళి తెచ్చు ఆయాసము

భయమును గూర్చి చెప్పుటకు ముందు ధూళిని గూర్చి చెప్పవలయును. ఏలయన ధూళిని మరచి భయమును గూర్చి మాటలాడుట కార్మికునకు అన్యాయము.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రమజ్జీనీ 1700 సంవత్సరమున వృత్తులవలన కలుగు రోగములను గూర్చి వ్రాసిన గ్రంథమున, అవిసెనారను జనపనారను దువ్వువారికి ధూళివలన దగ్గును ఆయాసమును కలుగునని వర్ణించెను. తరువాత ఇంగ్లండునందలి లాంకషైరు నూలుమిల్లులలో ఒక విచిత్రము కానవచ్చెను. ఆదివారపు విశ్రాంతి తరువాత సోమవారము పనిలో చేరినవారికి రొమ్ము బిగపట్టినట్లుండి ఊపిరి సలుపకుండెను. వారము గడచుకొలది అది తగ్గుచుండెను. సంవత్సరములు గడచిన పిమ్మట అన్ని దినములందును అది నిలచిపోవుచుండెను. ఈ రోగమునకు బిస్సినోసిస్ అని పేరు. 1941లో బ్రిటిషు ప్రభుత్వము దీనికి నష్టపరిహారపు ఏర్పాటు చేసెను. 1950 దశాబ్దమున రిచర్డు షిల్లింగు అను వైద్యుడు, సోమవారపు బిగింపును ప్రమాణముగా గొని, ఈ రోగమునకు తరగతు లేర్పరచెను.

నేతశాలలలో దూది ధూళి వడుకుశాలలలోకంటె తక్కువ. కాని నేతశాలకు తన ధూళి తనకు కలదు. పడుగునకు పెట్టిన గంజి ఎండి పొడియై రాలును. 1957లో బ్రిటిషు వైద్యపత్రిక యొకటి నేతగాండ్ర దగ్గును గూర్చి యొక పరిశోధనను ప్రకటించెను. ఆ దగ్గునకు సంబంధించిన పదార్థము చింతగింజల పొడి! మన చింతచెట్టు గింజ మరనాడి, గంజియై పడుగు నంటి, ఆంగ్లదేశపు నేతగాని గొంతు పట్టినది.

మనదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము బిస్సినోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన రోగములలో చేర్చెను. కాని ఆ చట్టము యంత్రశక్తి వాడుచోట పదిమంది కార్మికులున్న కార్ఖానాకే వర్తించెను. చిన్నచిన్న షెడ్లుగా విడివడియున్న మరమగ్గములకు ఈ హద్దు తప్పించుకొను త్రోవయైనది. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. కావున చిన్న షెడ్డులోని కార్మికుని ఆయాసము సర్కారు పుస్తకమున కెక్కుట అరుదు. ఈ రోగము తొలిదశలో ఎక్స్‌రేలో గుర్తు చూపదు. సెలవు దినమున తానే శాంతించును. అందువలన "నీకేమియు లేదు, భయపడుచున్నావు" అను మాట వైద్యుని నోట సులభముగా వెడలును. ఆ మాట నిజమైనచో మేలు. కానిచో అది రోగి జీవితమును హరించు మాట.

3. ప్రాచీనుల గుర్తింపు

భయము ఊపిరిని చెఱచునను విషయము మన పూర్వులకు తెలియును. చరకసంహిత చికిత్సాస్థానమున శ్వాసరోగము మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర యని ఐదు విధములుగా చెప్పబడినది. ధూళి, పొగ, చల్లనిగాలి కారణములలో చేరినవి. అనగా నేతశాల ఆయాసమునకు చరకుడు చోటిచ్చెను. అదే గ్రంథమున అతిసారమును వివరించుచోట, దోషములవలన పుట్టిన భేదములతోపాటు భయమువలనను శోకమువలనను పుట్టిన భేదములు వేరుగా పేర్కొనబడినవి. వీటికి మందుతోపాటు రోగిని సంతోషపెట్టుటయు, ఆశ్వాసించుటయు చికిత్సయని చెప్పబడినది. మనోవికారము శరీరరోగమునకు కారణము కాగలదనియు, మాటయును ఔషధమే యనియు ఇంత స్పష్టముగా చెప్పిన ప్రాచీన వైద్యము గమనింపదగినది.

పతంజలి యోగసూత్రములు మరింత దగ్గరకు వచ్చును. చిత్తము చెదరినపుడు తోడుగా వచ్చు లక్షణములను సూత్రకారుడు నాలుగుగా లెక్కించెను: దుఃఖము, మనస్సు క్రుంగుట, అవయవములు వణకుట, ఉచ్ఛ్వాసనిశ్వాసములు తమ వశము తప్పుట. నేడు ఆసుపత్రికి అర్ధరాత్రమున చెమటలు గ్రక్కుచు, వణకుచు, ఊపిరికై తపించుచు వచ్చు మనుష్యుని వర్ణన ఇంతకంటె సంగ్రహముగా నుండదు. అదే పాదమున, ఊపిరిని వెలుపలికి విడుచుటయు నిలుపుటయు చిత్తప్రసాదమునకు ఒక యుపాయముగా చెప్పబడినది. ఊపిరి విడుచుటకు మొదటి స్థానమిచ్చుట పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీని ప్రయోజనము తెలియగలదు.

శబ్దశాస్త్రమును ఇదియే చెప్పుచున్నది. ఐరోపా భాషలలో ఆందోళనకు వాడు మాట, గొంతు నొక్కుట, ఇరుకు చేయుట యను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. బాధ యను అర్థమున వేదమునందు వచ్చు "అంహస్" దాని చుట్టమే. మన భాషలో దీని విరుగుడు కూడ కలదు. "శ్వస్" అను ఒక్క ధాతువునుండియే శ్వాసము, నిశ్వాసము, ఆశ్వాసము, విశ్వాసము అను మాటలు పుట్టినవి. ఓదార్చుటయన్న తిరిగి ఊపిరి తీయించుటయే. నమ్ముటయన్న నిబ్బరముగా ఊపిరి విడుచుటయే. ఆపద తప్పినపుడు తెలుగువాడు "ఊపిరి పీల్చుకొంటిని" అనుటయు ఇందుచేతనే.

4. ఆధునికుల పరిశోధనము

పడమటిదేశముల వైద్యులు ఈ విషయమును యుద్ధభూములలో నేర్చుకొనిరి. అమెరికా అంతర్యుద్ధమున సైనికులనేకులు గుండెదడ, రొమ్మునొప్పి, ఆయాసముతో ఆసుపత్రుల చేరిరి. ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండిస్ డకోస్టా వారిని పరీక్షించి, 1871లో ప్రకటించిన వ్యాసమున, గుండెలో కనబడు చెడుగు లేకయే ఈ బాధ కలుగుచున్నదని వ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధమున అట్టివారే వేలకొలది కనబడగా, సర్ థామస్ లూయిస్ దానిని శ్రమవలన బయల్పడు లక్షణసమూహముగా వర్ణించి, క్రమముగా పెంచు వ్యాయామమును విధించెను. 1941లో పాల్ వుడ్ అను హృదయవైద్యుడు తన యుపన్యాసములలో ఈ రోగమునకు మూలము గుండె కాదనియు, భయమనియు వాదించెను. డెబ్బది యేండ్లు గడచినగాని గుండెనుండి మనస్సు వరకు వైద్యశాస్త్రము నడువలేకపోయెను.

ఈలోగా మరియొక దారి తెరచుకొనెను. 1905లో హాల్డేను, ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞులు మన ఊపిరిని నడుపునది ముఖ్యముగా రక్తమందలి బొగ్గుపులుసు గాలియే యని నిరూపించిరి. 1937లో కాలిఫోర్నియా వైద్యుడు విలియం కెర్, ఆయన సహచరులు, ఆందోళన పడువారు తమకు తెలియకయే అధికముగా ఊపిరి పీల్చుచున్నారనియు, అందువలననే వారి శరీరబాధలు కలుగుచున్నవనియు తెలిపిరి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన మూడవ వర్గీకరణమున దీనికి సంబంధించిన తీవ్రరూపమును "పానిక్" రోగమని ప్రత్యేకముగా పేర్కొనెను.

ఇందలి మర్మము మిక్కిలి వింతయైనది. రోగి గాలి చాలదని తలచును. యథార్థమునకు వాని రక్తమున ప్రాణవాయువు నిండుగానే యుండును. భయమున ఊపిరి వేగమగును. బొగ్గుపులుసు గాలి హెచ్చుగా వెలుపలికి పోవును. అది తగ్గినపుడు మెదడునకు పోవు రక్తనాళములు సన్నగిలును, తల తిరుగును. రక్తమున క్షారగుణము పెరిగి కాల్షియపు వర్తన మారుటచే పెదవులు, వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఒకొకప్పుడు చేతులు కొంకర్లు పోవును. ఇవి చూచి రోగి "చచ్చిపోవుచున్నాను" అని భయపడును. భయపడి మరింత బలముగా పీల్చును. ఇట్లు మంట ఆర్పుటకు నూనె పోసినట్లగును.

5. రెండు ఆయాసములను కలిపివేయుటలోని ప్రమాదము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నేతపేటలో ఈ పొరపాటు రెండు విధముల జరుగును. ధూళిరోగికి "భయము" అని పేరు పెట్టినచో వాడు ఆ ధూళిలోనే మిగిలిపోవును. భయరోగికి "దమ్మురోగము" అని పేరు పెట్టినచో వాడు ఇంజెక్షనుల కొరకును, మందుబుడ్ల కొరకును కూలిడబ్బు పోసి, పని మానుకొని, తనకు ప్రాణాంతక వ్యాధియున్నదను దిగులుతో మరింత రోగియగును. రెండింటను నష్టపోవునది కార్మికుని కుటుంబమే.

వేరుపరచుటకు కొన్ని గురుతులు కలవు. ధూళివలని ఆయాసము పనితో ముడిపడియుండును. సెలవు తరువాతి తొలిదినమున హెచ్చును, దగ్గు తోడుండును, నడచినపుడు, బరువెత్తినపుడు పెరుగును. ఉబ్బసములో పిల్లికూతలు వినబడును. భయమువలని ఆయాసము తరచుగా విశ్రాంతిగా కూర్చున్నపుడో, పండుకొన్నపుడో వచ్చును. నిండు ఊపిరి అందలేదను భావము, మాటిమాటికి నిట్టూర్పు, పెదవులకు వ్రేళ్లకు తిమ్మిరి, చావుభయము దాని లక్షణములు. సాధారణముగా పదినిమిషములలో పరాకాష్ఠ నందుకొని తానే తగ్గును.

అయినను ఈ గురుతులు వైద్యపరీక్షకు బదులు కావు. ఊపిరిబలమును కొలుచు స్పైరోమీటరుతో పాళీకి ముందును, పిదపను పరీక్షించిన ధూళిరోగము బయటపడగలదు. పైగా ఈ రెండును ఒకే మనిషియందుండవచ్చును; ఉబ్బసరోగులలో పానిక్ హెచ్చని వైద్యులెరుగుదురు. రొమ్మునొప్పి చేతికో దవడకో ప్రాకినను, పెదవులు నీలమైనను, జ్వరముతో ఆయాసము వచ్చినను, స్పృహ తప్పినను ఆలసింపక ఆసుపత్రికి చేరవలయును. తొలిసారి వచ్చిన ఏ ఆయాసమును భయమని తామే నిర్ణయించుకొనరాదు.

6. ఎదుర్కొను మార్గము

వైద్యుడు పరీక్షించి, ఇది భయమువలన కలిగినదే యని చెప్పిన తరువాత చేయవలసినది కలదు. మొదటిది ఎరుక. "ఇది నా కెరిగిన బాధ, ఇది చంపదు, కొద్దిసేపటిలో పోవును" అని తెలిసికొనుటయే సగము చికిత్స. రెండవది కూర్చుండి, భుజములు వదులు చేసి, ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటె నిదానముగా విడుచుట. కడుపు కదలవలెను, రొమ్ము ఎగయరాదు. పెద్దపెద్ద ఊపిరులు పీల్పుమని చుట్టుప్రక్కలవారు చేయు హితబోధ అపకారమే. వాని బాధ అధికముగా పీల్చుటయే కదా! పతంజలి విడుచుటకు ప్రాముఖ్య మిచ్చుటలోని లోతు ఇచట తెలియుచున్నది. ఆ సమయమున కపాలభాతి, భస్త్రిక వంటి వేగమైన అభ్యాసములు చేయరాదు. కాగితపు సంచిలో ఊపిరి విడిచి పీల్చు పాత పద్ధతియు మంచిది కాదు. గుండెజబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవానికి అది ప్రాణాపాయము కాగలదని 1989లో వైద్యులు హెచ్చరించిరి.

మన సమీపముననే లోనావలాలో స్వామి కువలయానందులు 1924లో కైవల్యధామమును స్థాపించి, ప్రాణాయామమును ప్రయోగశాలలో పరీక్షించు మార్గమునకు తెర తీసిరి. 1985లో ఇంగ్లండున డేవిడ్ క్లార్కు మొదలైనవారు ఊపిరిని నిదానపరచుటయు, శరీరలక్షణములను సరిగా అర్థము చేసికొనుటయు నేర్పి పానిక్ రోగులకు మేలు కలిగించిరి. 2001లో ఇటలీ వైద్యులు బెర్నార్డీ మొదలైనవారు, క్రైస్తవుల జపమాల ప్రార్థనయు బౌద్ధమంత్రమును జపించినపుడు ఊపిరి నిమిషమునకు సుమారు ఆరుసార్లకు దిగుచున్నదని కనుగొనిరి. మామూలుగా పెద్దవారి ఊపిరి నిమిషమునకు పండ్రెండు మొదలు ఇరువది వరకుండును. దేవుడెవరైనను నిదానమొక్కటే యన్నమాట. ఏ మతమువాడైనను తన కలవాటైన నామమును మెల్లగా ఉచ్చరించుచు ఊపిరిని దిద్దుకొనవచ్చును.

బాధ మాటిమాటికి వచ్చుచు పనిని, నిద్రను చెఱచుచున్నచో మానసిక వైద్యుని చూచుట అవమానము కాదు. భివండికి సమీపమున థానేలో 1901 నాటి మానసిక చికిత్సాలయము కలదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవ 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా లభించును.

7. ఊరి ఊపిరి

ఒక్క మాట చెప్పి ముగింతును. భయము ఒక మనిషికే పరిమితము కాదు, ఊరికిని పట్టును. 1970 మే నెలలోను, 1984 మే నెలలోను భివండి మతకలహములతో దగ్ధమైనది. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. నాడు ఊరంతయు ఊపిరి బిగబట్టుకొని యుండెను. 1988 తరువాత సురేశ్ ఖోపడే అను పోలీసు అధికారి పేటపేటను హిందువులను ముసల్మానులను సమసంఖ్యలో చేర్చి మొహల్లా సంఘములను ఏర్పరచెను. తరచుగా కలిసి కూర్చుండి మాటలాడుటయే వాని పని. 1992 డిసెంబరులోను 1993 జనవరిలోను బొంబాయి మండుచుండగా, ప్రక్కనున్న భివండి శాంతముగా నుండెను. ఊరికి ఊపిరి తెప్పించినది విశ్వాసము.

చరకుడు చెప్పిన ఆశ్వాసనమును, భివండి నేర్చిన విశ్వాసమును ఒకే ధాతువునుండి పుట్టుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. నేతపేటలలో పనిచేయు మన తెలుగు సంఘములు ఈ రెండు పనులు చేయగలిగిన ధన్యములగును: షెడ్లలో ధూళి తగ్గించుటకును, ఊపిరి పరీక్షకును సేఠులతోను సర్కారుతోను మాటలాడుట; అర్ధరాత్రమున దమ్మాడక లేచిన ఒంటరి కార్మికుని ప్రక్కన కూర్చుండి, వాని భాషలో, నెమ్మదిగా మాటలాడుట. మొదటిది లేక రెండవది వంచనయగును. రెండవది లేక మొదటిది అసంపూర్ణమగును. రెండును కూడినపుడే ఆ కార్మికునకు దమ్ము, ఊపిరి యను అర్థమునను, ధైర్యమను అర్థమునను, తిరిగి లభించును.